ఆర్కిటెక్చర్ చదువు: నల్లగొండ, పాలమూరు వైపు పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం నుంచి ఫోన్లు మొదలవుతాయి. మిర్యాలగూడ నుంచి ఒకరు, జడ్చర్ల నుంచి ఇంకొకరు, మధ్యలో మా బంధువుల బంధువులు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. కాలేజీల బ్రోచర్లలో దొరికేది తక్కువ రాశాను, అడగడానికి మొహమాటపడేవి ఎక్కువ రాశాను.

ఆర్కిటెక్ట్ అంటే ఇంటి ప్లాన్ గీసే ఆయనేగా? దానికి 5 ఏళ్లు చదవాలా?

మన దగ్గర ఇల్లు ఎలా కడతారో మీకు తెలుసు. మేస్త్రికి చెప్తారు, ఎవరో ఒక ప్లాన్ కాగితం ఇస్తారు, మంచి రోజు చూసి ముగ్గు పోస్తారు, మిగతాదంతా నడుస్తుంటే మారిపోతుంటుంది. ఇందులో ఆర్కిటెక్ట్ ఎక్కడా కనిపించడు, అందుకే ఆ పని ఏమిటో చాలామందికి తెలియదు.

ఒక మామూలు ప్లాటు తీసుకోండి. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు, 150 గజాలు, పడమర ముఖం, రెండు పక్కలా ఇళ్లు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో మధ్యాహ్నం 3 గంటల ఎండ నేరుగా ముందు గోడ మీద పడుతుంది. మామూలుగా వేసే ప్లాన్‌లో ఆ గోడ వెనకే పడక గది ఉంటుంది, రాత్రి పది దాటినా గోడ వేడి వదలదు, ఏసీ కొంటారు. అదే పడమర వైపు మెట్లు, బాత్రూమ్, గోడ అల్మారాలు పెట్టి, పడక గదిని వెనక్కి జరిపి, మధ్యలో నాలుగడుగుల సందు పైకి తెరిచి ఉంచితే ఇల్లంతా గాలి ఆడుతుంది. ఖర్చు పెద్దగా పెరగదు. పెరిగేదల్లా ముగ్గు పోయకముందు కూర్చుని ఆలోచించే సమయం. మన తాతల మిద్దె ఇళ్లలో మందపాటి మట్టి గోడలు, మధ్యలో ఆకాశం కనిపించే భవంతి (ఇంటి నడుమ తెరిచి ఉంచిన చోటు) ఈ పనే చేశాయి. ఇప్పుడు స్లాబు ఇళ్లలో అదంతా పోయింది కాబట్టి దాన్ని కొత్త సామానుతో మళ్లీ ఎలా సాధించాలో నేర్చుకోవాల్సి వస్తోంది. ఇళ్లే కాదు, బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు కూడా. 5 ఏళ్లు అందుకే.

సివిల్ ఇంజనీరింగ్‌కి, దీనికి తేడా ఏంటి?

భవనం ఎలా ఉండాలి, మనిషి అందులో ఎలా తిరుగుతాడు, వెలుతురు, గాలి ఎటు నుంచి వస్తాయి అన్నది ఆర్కిటెక్ట్ చూస్తాడు. అది పడిపోకుండా నిలబడటానికి పిల్లర్ ఎంత మందం, బీములో ఎంత స్టీలు అన్నది స్ట్రక్చరల్ ఇంజనీర్ లెక్క కడతాడు. ఇద్దరికీ ఒకరి పని ఒకరికి కొంత తెలియాలి. సివిల్ బీటెక్ 4 ఏళ్లు, బీఆర్క్ (బ్యాచిలర్ ఆఫ్ ఆర్కిటెక్చర్, అంటే ఆర్కిటెక్ట్ డిగ్రీ) 5 ఏళ్లు. లెక్కలంటే ఇష్టం, డిజైన్ మీద ఆసక్తి లేదు అనుకుంటే హాయిగా సివిల్ చదవండి. సివిల్ సీటు రాలేదు కాబట్టి ఇది అనుకుని మాత్రం రావద్దు. అలా వచ్చినవాళ్లు రెండో ఏడాది కల్లా విసిగిపోవడం చాలాసార్లు చూశాను.

ఎంసెట్ రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్న ఆ పరీక్షతో బీఆర్క్ సీటు రాదు. ఈ ఒక్క సంగతి తెలియక ఏడాది పోగొట్టుకునేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. దారులు మూడు.

మొదటిది నాటా, అంటే ఆర్కిటెక్చర్ కోసం దేశమంతటా జరిగే ఆప్టిట్యూడ్ పరీక్ష. దీన్ని కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ (ఆర్కిటెక్టులను నమోదు చేసే జాతీయ సంస్థ) పెడుతుంది. 200 మార్కులు, అందులో 80 కాగితం మీద బొమ్మ గీసే భాగానికి, 120 కంప్యూటర్ మీద రాసే ప్రశ్నలకు. ఏడాదిలో ఒకటికంటే ఎక్కువసార్లు రాయొచ్చు, ఎన్నిసార్లన్నది ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూడండి. రాష్ట్రంలోని కాలేజీలకు ఎక్కువమంది దీనితోనే వెళ్తారు.

రెండోది జేఈఈ మెయిన్‌లో పేపర్ 2ఏ. మొత్తం 400 మార్కుల్లో మ్యాథ్స్‌కి 100, ఆప్టిట్యూడ్‌కి 200, డ్రాయింగ్‌కి 100. ఎన్‌ఐటీలు, స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ కావాలంటే ఇది రాయాల్సిందే. ఆ స్కూళ్లు ఢిల్లీ, భోపాల్, విజయవాడల్లో ఉన్నాయి, మనకు దగ్గర విజయవాడ. జేఈఈ ఫారం నింపేటప్పుడు పేపర్ 1 ఒక్కటే టిక్ చేసి, తర్వాత బాధపడితే లాభం లేదు. ఇంకో మాట, వరంగల్ ఎన్‌ఐటీలో బీఆర్క్ లేదు, తిరుచిరాపల్లి, కాలికట్, నాగపూర్, భోపాల్ లాంటిచోట్ల ఉంది.

మూడోది ఐఐటీలు. ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసిల్లో బీఆర్క్ ఉంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసయ్యాక ఏఏటీ (ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్) అని విడిగా ఒక పరీక్ష రాయాలి.

ఇంటర్‌లో ఏ గ్రూపు ఉండాలి?

ఎంపీసీ అయితే ఏ తలనొప్పీ లేదు. మ్యాథ్స్, ఫిజిక్స్ రెండూ తప్పనిసరి. అందుకే బైపీసీ వాళ్లకు దారి లేదు, ఎంఈసీ వాళ్లకూ లేదు. పదో తరగతి తర్వాత మూడేళ్ల డిప్లొమా మ్యాథ్స్‌తో చేసినవాళ్లు కూడా అర్హులే, కాకపోతే మొదటి ఏడాదిలోనే చేరాలి, పాలిటెక్నిక్ నుంచి బీటెక్‌కి వెళ్లినట్టు నేరుగా రెండో ఏడాదిలో చేరే వీలు ఇక్కడ లేదు. కనీసం ఎంత శాతం రావాలన్న నిబంధన గత కొన్నేళ్లలో మారింది కాబట్టి మీ ఏడాది నోటిఫికేషన్‌లో ఉన్నదే నమ్మండి, సీనియర్ చెప్పింది కాదు.

రాష్ట్ర కౌన్సెలింగ్‌లో ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ మార్కులకు సగం, ప్రవేశ పరీక్షకు సగం లెక్క వేస్తారు. అంటే నాటా మీద పడి ఇంటర్‌ను గాలికొదిలేస్తే దెబ్బ తింటారు.

మావాడికి బొమ్మలు రావు. ఎట్లా మరి?

రవివర్మలా గీయాల్సిన పని లేదు. వాళ్లు చూసేది కంటికి కనిపించేది కాగితం మీదికి తేగలడా, ఊహించింది చూపించగలడా అని. దానికి అలవాటు ముఖ్యం. నల్లగొండలో అయితే క్లాక్ టవర్ సెంటర్‌లో ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని ఎదురుగా ఉన్నది గీయమనండి. ఆటోలు, బోర్డులు, కరెంటు తీగలు, నిలబడ్డ మనుషులు. దూరంగా ఉన్నది చిన్నగా, దగ్గరున్నది పెద్దగా రావాలి, రోడ్డు రెండు అంచులూ ఒక బిందువు దగ్గర కలవాలి. రోజూ ఒకటి చొప్పున రెండు మూడు నెలలు గీస్తే మొదటి బొమ్మ చూసి వాడే నవ్వుకుంటాడు.

అది అలవాటయ్యాక పానగల్లు వెళ్లండి. పట్టణాన్ని ఆనుకునే ఉంది. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడి గోడ మీద పగలంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటుంది, సూర్యుడు కదిలినా సరే. పైగా లింగానికి ఎదురుగా నిలబడి చూస్తే ఆ నీడ వేసే స్తంభం ఒక్కటీ కనబడదు. వెలుతురు నేరుగా కాకుండా పక్కల నుంచి లోపలికి వచ్చేలా మండపాన్ని, స్తంభాలను అమర్చడంలో ఉంది కిటుకు. మహిమ అని దండం పెట్టుకుని రావడం ఒక పద్ధతి. వెలుతురు ఎటు నుంచి వస్తోందో గమనించి, మండపం ప్లాన్ కాగితం మీద గీసి, స్తంభానికీ స్తంభానికీ మధ్య ఎన్ని అడుగులో కొలవడం ఇంకో పద్ధతి. రెండోది చేయాలనిపించిన పిల్లకి, పిల్లవాడికి ఈ చదువు సరిపోతుంది. నాటా స్కోరు కంటే నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను. పాలమూరు వైపు వాళ్లకైతే అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు ఉన్నాయి, బాదామి చాళుక్యుల కాలం నాటివి, ఒక్కో శిఖరం గీయడానికే ఒక పూట పడుతుంది.

కోచింగ్ తప్పనిసరా?

తప్పనిసరి కాదు. డ్రాయింగ్ భాగానికి ఎవరైనా తెలిసినవాళ్లు మీ బొమ్మలు చూసి తప్పులు చెప్తే మంచిది, అది చాలు. హైదరాబాద్‌లో హాస్టల్ పెట్టి లక్షలు పోసేంత అవసరం అయితే లేదు.

కాలేజీ ఎలా ఎంచుకోవాలి?

మొట్టమొదట కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ వెబ్‌సైట్ తెరిచి, అనుమతి ఉన్న సంస్థల జాబితాలో ఆ కాలేజీ ఉందా, మీరు చేరే ఏడాదికి అనుమతి ఉందా చూడండి. లేకపోతే డిగ్రీ చేతికొచ్చినా రిజిస్ట్రేషన్ రాదు, ఆర్కిటెక్ట్ అని పేరు రాసుకోలేరు. ‘ఇంటీరియర్ డిజైన్’, ‘బిల్డింగ్ డిజైన్’ అని రకరకాల పేర్లతో కోర్సులు అమ్ముతుంటారు. అవి చెడ్డవని అనను గానీ, అవి చదివితే ఆర్కిటెక్ట్ కారు.

రాష్ట్రంలో పాత పేరున్నది హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. 2008లో యూనివర్సిటీ అయింది, అంతకుముందు జేఎన్‌టీయూ కింద కాలేజీగా ఉండేది. ప్రైవేటు కాలేజీల విషయంలో నేను చెప్పేది ఒక్కటే, చేరే ముందు ఒక పని రోజున వెళ్లి స్టూడియో గది (పిల్లలు డిజైన్లు గీసే, మోడళ్లు చేసే గది) చూడండి. గోడల మీద పిల్లల షీట్లు ఉన్నాయా, మూలల్లో సగం చేసిన మోడళ్లు ఉన్నాయా, మధ్యాహ్నం పూట సార్లు బల్లల దగ్గర నిలబడి మాట్లాడుతున్నారా. గది నీట్‌గా, ఖాళీగా ఉంటే అనుమానించాల్సిందే. ఏసీ ఆడిటోరియం చూపించి పంపేస్తే ఇంకా అనుమానించండి.

ఖర్చు ఎంతవుతుంది?

ఫీజు కాలేజీని బట్టి చాలా మారుతుంది, కన్వీనర్ కోటాలో ఒకటి, మేనేజ్‌మెంట్ కోటాలో ఇంకొకటి. రీయింబర్స్‌మెంట్ కోసం ఈపాస్ అనే ప్రభుత్వ స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో అప్లై చేయాలి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు మీసేవలో ముందే తీసి పెట్టుకోండి. బడ్జెట్ వేసేటప్పుడు అందరూ మర్చిపోయేది సామాను ఖర్చు. షీట్లు, ప్రింట్లు, మోడల్ బోర్డు, జిగురు, కట్టర్ బ్లేడ్లు ప్రతి సెమిస్టర్ కొంటూనే ఉండాలి. రెండో ఏడాది నాటికి కాస్త గట్టి గ్రాఫిక్స్ ఉన్న ల్యాప్‌టాప్ కావాలి, మామూలు ల్యాప్‌టాప్ త్రీడీ సాఫ్ట్‌వేర్‌ల బరువు మోయదు. ఫీజు కట్టాక చేతిలో ఏమీ మిగలని పరిస్థితి అయితే ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి.

తెలుగు మీడియంలో చదివాను, నెగ్గుకు రాగలనా?

రాగలరు. ఈ చదువులో సగం మాట బొమ్మతోనే. జేఈఈ మెయిన్ తెలుగులో కూడా రాయొచ్చు. క్లాసులు, జ్యూరీలు (చేసిన డిజైన్‌ను పెద్దల ముందు వివరించడం, దీని గురించి తర్వాతి ప్రశ్నలో) ఇంగ్లిష్‌లో ఉంటాయి, మొదటి సెమిస్టర్‌లో నోరు తిరగదు, నలుగురి ముందు నిలబడాలంటే టెన్షన్. కానీ షీటు మీద పని బాగుంటే ఇంగ్లిష్‌లో తడబడ్డా వింటారు. పల్లెలో పెరిగినవాళ్లకు ఒక లాభం కూడా ఉంది. పునాది తవ్వడం, సెంట్రింగ్ కొట్టడం, స్లాబు పోసిన రోజు హడావుడి, తర్వాత క్యూరింగ్‌కి మళ్లు కట్టి నీళ్లు నిలపడం చిన్నప్పటి నుంచీ చూసి ఉంటారు. సిటీ పిల్లలు అది మూడో ఏడాదిలో సైట్ విజిట్‌లో మొదటిసారి చూస్తారు.

జ్యూరీ అంటే ఏంటి? 5 ఏళ్లు ఏం చేయిస్తారు?

10 సెమిస్టర్లు. ప్రతి సెమిస్టర్‌కీ డిజైన్ స్టూడియో అనేది గుండెకాయ, చిన్న బస్ షెల్టర్‌తో మొదలై ఇల్లు, బడి, ఆసుపత్రి, చివరికి ఊరిలో ఒక భాగం దాకా పెరుగుతుంది. పక్కన స్ట్రక్చర్స్, నిర్మాణ సామగ్రి, వాతావరణం, నీళ్లు–డ్రైనేజీ–కరెంటు, చరిత్ర, బిల్డింగ్ రూల్స్. నాలుగో ఏడాదిలోనో ఐదో ఏడాదిలోనో ఒక ఆర్కిటెక్ట్ ఆఫీసులో ప్రాక్టికల్ ట్రైనింగ్, చివర్లో థీసిస్.

జ్యూరీ అంటే, మీరు చేసిన షీట్లు గోడకు అంటించి, మోడల్ బల్ల మీద పెట్టి, బయటి నుంచి వచ్చిన ఆర్కిటెక్టుల ముందు నిలబడాలి. వాళ్లు అడుగుతారు. ‘ఈ మెట్ల కింద తల తగలదా?’ ‘వీల్‌చైర్ ఎక్కడ తిరుగుతుంది?’ ‘వాన నీళ్లు ఎటు పోతాయి?’ నెల రోజుల పనిని ఐదు నిమిషాల్లో ఉతికి ఆరేస్తారు. కొంతమంది కటువుగా కూడా మాట్లాడతారు, అది అవసరం లేదని నా అభిప్రాయం, కానీ జరుగుతుంది. ఏడ్చిన పిల్లలు మరుసటి వారం మార్చిన ప్లాన్‌తో మళ్లీ వస్తారు. ఇది తట్టుకోగలిగితే మిగతావి పెద్ద కష్టం కాదు. ముందు రాత్రి నిద్ర ఉండదన్న మాట నిజమే, అందులో సగం పని వాయిదా వేసుకోవడం వల్లే.

రోజూ మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వచ్చిపోవచ్చా?

షాద్‌నగర్ అయితే సరే, ఆలోచించొచ్చు. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ దాదాపు 100 కిలోమీటర్ల దూరం. బీటెక్ పిల్లలు కొందరు తిరుగుతారు గానీ, రెండడుగుల మోడల్ పట్టుకుని సాయంత్రం ఆర్టీసీ బస్సులో నిలబడి చూస్తే తెలుస్తుంది సంగతి. ఎవరి మోచెయ్యో తగిలి పైకప్పు ఊడిపోతుంది. హాస్టల్ గానీ, కాలేజీ దగ్గర్లో నలుగురు కలిసి గది గానీ చూసుకోండి. రాత్రిళ్లు కలిసి పని చేయడంలో నేర్చుకునేది క్లాసులో నేర్చుకునేదానికి తక్కువేం కాదు.

లైసెన్స్ ఎలా వస్తుంది? మళ్లీ పరీక్ష ఉంటుందా?

ప్రస్తుతం మన దేశంలో వేరే లైసెన్స్ పరీక్ష లేదు. గుర్తింపు ఉన్న బీఆర్క్ పాసయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసి, సర్టిఫికెట్లు పెట్టి, ఫీజు కడితే రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది. ‘సీఏ’ అని మొదలై మధ్యలో సంవత్సరం ఉంటుంది. మనవాళ్లు లైసెన్స్ అనేది దీన్నే. గడువు తీరకుండా రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి, మర్చిపోతే సంతకం చెల్లదు. దీనంతటికీ ఆధారం 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం ఉంటుంది, రిజిస్ట్రేషన్ లేకుండానే మా ఊళ్లో ఫలానా ఆయన ప్లాన్లు గీస్తున్నాడు కదా, తప్పు కాదా అని. చట్టంలోని 37వ సెక్షన్ రిజిస్ట్రేషన్ లేనివాళ్లు ఆర్కిటెక్ట్ అనే పేరు వాడుకోవడాన్ని ఆపుతుంది, డిజైన్ పని చేయడాన్ని కాదు అని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆయన గీయొచ్చు, బోర్డు మీద ఆర్కిటెక్ట్ అని రాసుకోకూడదు.

ఇంకో సంగతి. పాసైన కొత్తలో ఎవరో వచ్చి, ప్లాన్ మా దగ్గరుంది, సంతకం పెట్టండి, ఇంత ఇస్తాం అంటారు. పెట్టకండి. మీరు చూడని పనికి మీరు బాధ్యులవుతారు, పైగా 1989 నాటి వృత్తి ప్రవర్తన నిబంధనల కింద కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు.

జీతం ఎలా ఉంటుంది?

మొదట్లో తక్కువ, దాచడం ఎందుకు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన మీ క్లాస్‌మేట్ మొదటి నెల జీతం విని మీరు, మీకన్నా ముందు మీ నాన్న బాధపడతారు. మూడు నాలుగేళ్లు మంచి ఆఫీసులో సైట్లు తిరిగి, డ్రాయింగ్ నుంచి బిల్లు దాకా అన్నీ చూసినవాళ్లకు తర్వాత పరిస్థితి మారుతుంది, సొంతంగా పెట్టుకున్నవాళ్లలో బాగా సంపాదించేవాళ్లూ ఉన్నారు. కానీ ఇంటికి వెంటనే డబ్బు పంపాల్సిన అవసరం ఉంటే ఇది నెమ్మదైన దారి. అప్పు చేసి చదివించే తల్లిదండ్రులకు ఈ మాట చేరే ముందే చెప్పాలి.

ప్రభుత్వ ఉద్యోగాలు ఉన్నాయా?

ఉన్నాయి గానీ తక్కువ. 2022లో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ 175 టౌన్ ప్లానింగ్ బిల్డింగ్ ఓవర్‌సీర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, బీఆర్క్ వాళ్లూ అర్హులే. కేంద్రంలో సీపీడబ్ల్యూడీ (కేంద్ర ప్రజా పనుల విభాగం) లాంటి విభాగాల్లో ఆర్కిటెక్ట్ పోస్టులు ఉంటాయి. పై చదువులకు గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ రాయొచ్చు, ప్లానింగ్‌లో మాస్టర్స్ చేసినవాళ్లకు పట్టణాభివృద్ధి పనుల్లో అవకాశాలు ఎక్కువ.

వాస్తు నమ్మాలా?

కాలేజీలో దాన్ని నమ్మమనీ చెప్పరు, వద్దనీ చెప్పరు. బయటికొచ్చాక మాత్రం ఈశాన్యంలో బోరు, ఆగ్నేయంలో వంటిల్లు అడగని ఇంటాయన నాకైతే ఇంకా తగల్లేదు. ఆయనతో గొడవ పెట్టుకుంటే పని పోతుంది. ఆయన అడిగినవన్నీ పెట్టి కూడా గాలి, వెలుతురు వచ్చేలా గీయొచ్చు, కాస్త ఎక్కువ తల బద్దలు కొట్టుకోవాలంతే. ఇల్లు సగం లేచాక కొత్త సిద్ధాంతి వచ్చి మెట్లు మార్చమన్న రోజు మాత్రం ఓపిక పట్టండి.

ఆడపిల్లలకు బాగుంటుందా?

క్లాసుల్లో ఇప్పుడు సగం, ఒక్కోచోట సగానికి మించి ఆడపిల్లలే. సైట్ మీద మొదట్లో మేస్త్రి ‘సార్ రాలేదా మేడం’ అంటాడు, రెండుసార్లు కొలతలు తప్పు పట్టుకుంటే ఆ ప్రశ్న ఆగిపోతుంది.

చదివాక నల్లగొండలోనో పాలమూరులోనో ఆఫీసు పెట్టొచ్చా, లేక హైదరాబాదేనా?

పెట్టొచ్చు. మొదటి రెండేళ్లు జనం ఫీజు ఇవ్వడానికి ఇష్టపడరు, ప్లాన్‌కి ఇంతా అంటారు. మున్సిపాలిటీ పరిధిలో అనుమతుల పద్ధతి తెలిసి ఉండటం మీకు బలం. భవన అనుమతుల కోసం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల్లోపు, 7 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి అనుమతి అక్కర్లేదు, ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేస్తే చాలు, 600 గజాల దాకా, 10 మీటర్ల ఎత్తు దాటకపోతే సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది, అంతకు మించితే సింగిల్ విండోలో 21 రోజులు. వెంటనే వస్తుంది కదా అని సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ రూల్ ప్రకారం వదలాల్సిన ఖాళీ) వదలకుండా కట్టేవాళ్లు ఉంటారు, తప్పు ధ్రువీకరణ అని తేలితే కూల్చివేత దాకా పోతుంది. బిల్డింగ్ రూల్స్ ఉన్న 2012 నాటి జీవో 168 కాపీ ఒకటి ఆఫీసులో పెట్టుకోండి, రోజూ దానితోనే పని.

మన ప్రాంతంలో ఇంకో బలం ఉంది. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు కూలీల చెయ్యి పడింది. రాతి పని, కాంక్రీటు పని తెలిసిన మనుషులు ఇక్కడ ఊరూరా ఉన్నారు. తాండూరు, షాబాద్ బండలు దూరం నుంచి తేవాల్సిన పని లేదు. వీటితో కట్టిన మంచి బడి, మంచి గ్రామ పంచాయతీ భవనం గీసే అవకాశం సిటీలో జూనియర్‌గా ఉంటే మీకు పదేళ్లకు గానీ రాదు. నా సలహా అడిగితే, సిటీలో మూడు నాలుగేళ్లు పని నేర్చుకుని, ఆ తర్వాత రండి.

చేరే ముందే సామాన్లు కొనాలా?

వద్దు. కాలేజీ వాళ్లు మొదటి వారంలో జాబితా ఇస్తారు. డ్రాఫ్టింగ్ బోర్డు, టీ-స్క్వేర్ లాంటివి పాసైపోయిన సీనియర్ల దగ్గర సగం ధరకు దొరుకుతాయి, పెన్సిళ్లు, ఒక మంచి స్కేలు మాత్రం కొత్తవి కొనండి. ఐదు మీటర్ల టేపు ఒకటి ఈరోజే కొనుక్కోవచ్చు. మీ ఇంటి తలుపు ఎత్తు, మెట్టు ఎత్తు, మంచం పొడవు, వంటింట్లో గట్టు ఎంత ఎత్తులో ఉంది, అన్నీ కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోండి, మొదటి సెమిస్టర్‌లో పనికొస్తాయి.